ఎంగిలి గొట్టాలు

"మళ్ళీ అడుగుతా ఉండా అత్తా. ఎన్ని దినాలు కడిగినారు?"

మునిరత్నమ్మ పెరట్లో బట్టలుతికే బండ దగ్గర పీట వేసుకుని, కోడలి వైపు చూడకుండా కూర్చుంది. బండ మీద ఇత్తడి చెంబు ఉంది. చెంబులో గోధుమరంగు నీళ్ళు, నీళ్ళ మీద నురగ, ఆ నురగలోంచి నిటారుగా లేచిన మూడు గాజు గొట్టాలు. చీపురుపుల్లంత సన్నటివి.

పంకజాక్షి వాటిని చూసి పావుగంటయింది. ఆ పావుగంటలో ఆమె గొంతు గోడ దాటి పక్క లాడ్జి దాకా పోయింది. అమ్మవారి దర్శనానికి తయారవుతున్న యాత్రికులు ఇద్దరు ముగ్గురు వరండాలోకి వచ్చి తొంగిచూశారు. అత్తాకోడళ్ళ తగాదా అని తెలుసుకుని ఇంకాస్త తీరిగ్గా నిలబడ్డారు.

"సీకాయేనా, ఇంకేమన్నా కలిపినారా?"

"సీకాయే. నలక లేకుండా గుడ్డలో వడగట్టినాను. నేనేం బూడిదేసి తోమలేదు." మునిరత్నమ్మ గొంతులో జంకు లేదు, నొచ్చుకున్న మనిషి బింకం ఉంది. "చేత్తో రుద్దితే పగలతాయని రుద్దను కూడా లేదు. చెంబులో నిలబెడితే నీళ్ళు వాటంతట అవే పైకి ఎక్కతాయి. ఆ తర్వాత పైన బాయినీళ్ళు పోసి తుడిచి పెడతా."

వాటంతట అవే పైకి ఎక్కుతాయి. ఆరేళ్ళుగా పంకజాక్షి చేస్తున్న పనంతా అదే. సన్నటి గొట్టంలో ద్రవం ఎంత ఎత్తుకు ఎక్కిందో చూసి, దాని పైపొర ఎంత బిగువుగా ఉందో లెక్కగట్టాలి. పుస్తకాల్లో దాని పేరు తలతన్యత. భూమి మీద దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఇక్కడ ద్రవం పోసుకోవడానికి గిన్నె ఉంది, గిన్నెలో దాన్ని కూర్చోబెట్టడానికి బరువు ఉంది. అంతరిక్షంలో ఆ బరువు ఉండదు. అక్కడ ద్రవాన్ని ఒక చోట పట్టి ఉంచేది దాని పైపొరే. గిన్నె తగలకుండా, మచ్చలేని స్ఫటికాలను అక్కడ తయారు చేయాలని బెంగుళూరులో కొందరు శాస్త్రవేత్తలు పూనుకున్నారు. ఏ ఉప్పు ద్రావణానికి ఎంత బిగువు ఉందో వాళ్ళకు ముందే తెలియాలి. ఆ కొలతలు తీసే పని తిరుపతిలోని శేషశైల సైన్సు కాలేజీకి వచ్చింది, కాలేజీలో పంకజాక్షికి వచ్చింది.

ఆమె కొలిచి పంపింది. మేము కొలిస్తే డెబ్బై నాలుగు వచ్చింది, మీకు అరవై ఆరు ఎట్లా వచ్చిందని వాళ్ళు తిరిగి రాశారు. పద్దెనిమిది ద్రావణాల్లో ఒక్కటీ సరిగా లేదు. సబ్బుగానీ శీకాయగానీ కంటికి కనపడనంత తగిలినా ఆ బిగువు సడలిపోతుంది. ఈ సంగతి పిల్లలకు మొదటిరోజు పాఠంలోనే బోర్డు మీద రాస్తుంది పంకజాక్షి.

"ఎవురు కడగమన్నారు మిమ్మల్ని?"

మునిరత్నమ్మ అప్పుడు తిరిగింది. "ఎవురు చెప్పాల? నోట్లో పెట్టుకుని పీలుస్తావు కదమ్మే. నేను సూడలేదా? పీలుస్తావు, వదలతావు, మళ్ళా పీలుస్తావు. అవి తీసుకపోయి దేవుని గూటి కింద బల్ల మీద పరుస్తావు. దీపం పెట్టే చోట ఎంగిలి గొట్టాలు పెట్టుకుని నేనెట్ల కండ్లు మూసుకునేది?"

గొట్టం లోపలంతా తడవాలంటే ద్రవాన్ని ఒకసారి పైకి పీల్చి వదలాలి. కాలేజీలో దానికి రబ్బరు బుడ్డి ఉంది. విద్యార్థుల సమ్మెతో కాలేజీకి నలభై రోజులు తాళం పడినప్పుడు, గడువు తరుముకొస్తుంటే, పంకజాక్షి సామానంతా ఇంటికి తెచ్చుకుని వెనక గదిలో పెట్టుకుంది. మొదటిరోజే ఆ రబ్బరు బుడ్డి చీలిపోయింది. తర్వాత నోటితోనే పీల్చింది. ఇంట్లో ఎవరు చూస్తున్నారులే అనుకుంది.

"నాతో చెప్పి ఉండొచ్చు కదా."

"చెప్తే ఏమంటావు? మీకేం తెలుసు అత్తా, అంటావు. ఎన్నిసార్లు అనిపించుకునేది? అందుకే నువ్వు సాయంత్రం నడిచొచ్చేదానికి పోయినప్పుడు కడిగి, యాడివి ఆడనే పెట్టినాను. ఏ అత్తన్నా కోడలి ఎంగిలి కడగతాదా? నేను కడిగినాను."

"ఎన్ని దినాలు?"

"కాలేజీ మూసినన్ని దినాలు. ఏదో తప్పు వెదకతానని నిన్న రాత్రి కాలేజీ నుంచి మళ్ళా మూడు తెచ్చి గూటి కింద పెట్టినావు. పొద్దున్నే వాటినీ కడిగినాను."

పంకజాక్షి చెంబు ఎత్తి నీళ్ళను బండకేసి విసిరికొట్టింది. రెండు గొట్టాలు పగిలాయి. మూడోది దొర్లి తులసికోట దగ్గర ఆగింది. మునిరత్నమ్మ పగిలినవాటి వైపు చూసి, "నేను జాగ్రత్తగా పట్టుకునేదాన్ని" అని లేచి లోపలికి పోయింది.

ఆ మాటతో పంకజాక్షికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట అత్త మీదని పైకి కనిపించినా, లోపల ఇంకో సంగతి కాలుతోంది. కాలేజీలో అయితే ప్రతిరోజూ కొలతకు ముందు గొట్టాలను ఆసిడ్‌తో కడగాలి. అది తప్పించడానికి వీల్లేని పని. ఇంట్లో ఆసిడ్ పొగలెందుకని మానేసింది. పొద్దున్నే చూస్తే గొట్టాలు తళతళలాడుతూ కనిపించేవి. ఇంత శుభ్రంగా ఎట్లా ఉన్నాయని నలభై రోజుల్లో ఒక్కరోజు అనుమానం రాలేదు. వచ్చి ఉంటే ఆ తప్పు ఆ రోజుతోనే ఆగిపోయేది.

టిఫిన్ క్యారియరు చేత్తో పట్టుకుని జయరామ్ పెరట్లోకి వచ్చాడు. పంకజాక్షి మొగుడు. పాకాల జంక్షన్‌లో టికెట్లిచ్చే గుమాస్తా. రోజూ పొద్దుటి బండికి పోయి సాయంత్రం బండికి వస్తాడు. గొడవ మొదలైనప్పటినుంచీ వంటింట్లో నిలబడి అంతా విన్నాడు. వచ్చీరాగానే గాజు పెంకులు ఏరడం మొదలుపెట్టాడు.

"ఈ మాట ఈ గోడ దాటకూడదు" అన్నాడు.

"ఓబయ్య సంగతేమి?"

"ఓబయ్యకేం కాదు. మీ పరంధామయ్య సారు చూసుకుంటానన్నాడు కదా."

"ఆయన చూసుకున్నందుకే కదా ఓబయ్య సస్పెండయినాడు. ఈ దినం పదకొండు గంటలకు విచారణ. నేను రాసిచ్చిన కాగితం ముందర పెట్టుకుని విచారిస్తారు."

ఓబయ్య కాలేజీ అటెండరు. ప్రయోగాలకు కావలసిన స్వచ్ఛమైన నీళ్ళు కాచి పట్టేది ఆయనే. బెంగుళూరు నుంచి ఉత్తరం రాగానే డిపార్టుమెంటు పెద్ద పరంధామయ్య పంకజాక్షిని పిలిపించి, నీళ్ళు పట్టిందెవరో రాసివ్వమన్నాడు. నీళ్ళు పట్టింది ఓబయ్య అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టింది. అందులో అబద్ధమేమీ లేదు. ఆ ఒక్క ముక్క చాలింది వాళ్ళకు. కడగని క్యానులో నీళ్ళు పట్టాడని నేరం మోపి మరునాడే ఆయన్ను ఇంటికి పంపారు.

"సీకాయ సంగతి చెప్తే సామాను ఇంటికి తెచ్చిన సంగతి చెప్పాల" అన్నాడు జయరామ్. "దానికి నీ దగ్గర కాగితముందా? లేదు. వచ్చే వారం నిన్ను పర్మినెంటు చేసే ఇంటర్వ్యూ. ఆరేండ్లుగా టెంపరరీ అని ఏడిస్తివి. ఇప్పుడు నీ చేత్తో నువ్వే పోగొట్టుకుంటావా?"

"ఓబయ్యకు ముగ్గురు పిల్లోళ్ళు."

"మనకు లేరని గుర్తు చేస్తా ఉండావా?"

పంకజాక్షి అతని మొహంలోకి చూసింది. పన్నెండేళ్ళ కాపురంలో ఆ మాటను ఆయుధంగా తీయకూడదని ఇద్దరూ అనుకోకుండానే అనుకున్నారు. జయరామ్ తల దించుకుని మళ్ళీ పెంకులు ఏరసాగాడు. వేలు తెగింది. ఎవరూ గుడ్డముక్క తెచ్చివ్వలేదు.

"పెద్దమ్మా" అని వీధి గుమ్మంలోంచి పిలుపు వినిపించింది.

చెంగమ్మ. ఓబయ్య పెండ్లాం. గుడి ముందర పూలమ్ముతుంది. రోజూ ఈ వేళకు మునిరత్నమ్మకు మూర మల్లెలు ఇచ్చి పోతుంది. ఈ రోజు బుట్ట నెత్తిన లేదు. ఇంట్లోకి రమ్మంటే రాలేదు, నడవలోనే నిలబడింది.

"పూలియ్యడానికి రాలేదు పెద్దమ్మా. పంకజమ్మను ఒక మాట అడిగిపోదామని వచ్చినా." ఆమె గొంతు పెంచలేదు. అదే భరించడం కష్టంగా ఉంది. "ఏమ్మా, ఆయన పట్టిన నీళ్ళు బాగలేవని నువ్వే రాసిచ్చినావంటనే."

"బాగలేవని రాయలేదు చెంగమ్మా. పట్టినాడని మాత్రమే రాసినా."

"మాకు రెండూ ఒకటేనమ్మా. పదహారేండ్లు నీళ్ళు పట్టినాడు. ఎండలో ఆ క్యాను సైకిలుకు కట్టుకుని ఈ ఇంటికి మోసుకొచ్చింది కూడా ఆయనే. మీ పెట్టెలూ అద్దాలూ రిక్షాలో ఏసి ఈడికి చేర్చింది కూడా ఆయనే. ఆ మాట ఆడ ఎవురితో అనలేదు. అమ్మకు మాటొస్తాదని నన్ను కూడా నోరు మూసుకోమన్నాడు. నువ్వు ఆయన పేరు రాసేటప్పుడు నీకు ఇదేమీ గుర్తు రాలేదా?"

రాసేటప్పుడు పంకజాక్షికి అదంతా గుర్తుకొచ్చింది. వచ్చినా రాసింది.

వెనక నిలబడి వింటున్న మునిరత్నమ్మ ముందుకు వచ్చింది. "ఏమైంది ఓబయ్యకు?" అని అడిగింది. అప్పటిదాకా ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పాల్సిన విషయమని ఎవరికీ తోచలేదు.

చెంగమ్మ చెప్పింది. నాలుగు మాటల్లో చెప్పింది. వింటూ మునిరత్నమ్మ గుమ్మాన్ని పట్టుకుంది.

"నీళ్ళల్లో ఏం లేదు చెంగమ్మా" అంది చివరికి. "చెడగొట్టింది నేను. సీకాయతో కడిగినాను. నాకు తెలీదు."

చెంగమ్మ మొహంలో ఊరట కనిపిస్తుందేమోనని పంకజాక్షి చూసింది. కనిపించలేదు. "అట్లయితే వచ్చి ఆ మాట ఆడ చెప్పండి" అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మునిరత్నమ్మ లోపలికి పోయి ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. "పద" అంది కోడలితో.

"అమ్మా, నువ్వు యాడికి?" జయరామ్ అడ్డం నిలబడ్డాడు. "కాలేజీలో నీకేం పని? ఆమెకు పిచ్చి పట్టిందంటే నీకు కూడానా?"

"నీ బండికి టైమైంది. పో."

"నేను చెప్పేది వినమ్మా."

"నలభై దినాలు నేను కడగతా ఉంటే నువ్వు సూస్తివి గదరా. ఎందుకమ్మా అని ఒకసారి అడిగితివి, ఎంగిలి అంటే సరే అని పోతివి. పెండ్లానికి చెప్పినావా? నీకు ఇద్దరం కొట్టుకోకుండా ఉంటే చాలు."

పంకజాక్షి మొగుడి వైపు తిరిగింది. తెలుసు. అతనికి తెలుసు. ఉత్తరం వచ్చిన రాత్రి ఆమె కాగితాలన్నీ నేల మీద పరిచి, తప్పు ఎక్కడుందో తెలియక ఏడుస్తుంటే పక్కన కూర్చుని వీపు నిమిరినవాడికి, వెనక గదిలో ఏం జరిగిందో తెలుసు.

"నాకు అది అంత పెద్ద సంగతని తెలీదు" అన్నాడు జయరామ్.

ఆమె చెప్పులు వేసుకుంది. అతను క్యారియరును గూట్లో పెట్టి, దాన్ని తీసుకోకుండానే స్టేషనుకు పోయాడు.

తిరుపతికి పోయే టౌను బస్సులో అత్తాకోడళ్ళు ఒకే సీటులో కూర్చున్నారు. బస్సు తిరుచానూరు దాటింది. ముందు సీట్లో గుండు చేయించుకున్న పిల్ల ఒకతి వెనక్కి తిరిగి వీళ్ళ మొహాలు చూసి భయపడి ముందుకు తిరిగింది.

"ఎంత తగిలితే చెడతాది?" అని అడిగింది మునిరత్నమ్మ.

"కంటికి కనపడనంత."

"చదువుకున్నది నువ్వు. నాకు కనపడలేదంటే అర్థముండాది. నీకెందుకు కనపడలేదు?"

పంకజాక్షి కిటికీలోంచి బయటికి చూసింది. పొద్దుటినుంచీ తను తనను అడుక్కోకుండా తప్పించుకుంటున్న ప్రశ్నను ముసలామె టికెట్టు చింపినంత తేలికగా అడిగేసింది. కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎవరి మీద చూపించాలో ఈసారి తెలియలేదు.

పరంధామయ్య గదిలో ఫ్యాను గట్టిగా తిరుగుతోంది. బల్ల మీద కాగితాలన్నిటి మీదా ఒక్కో గాజు బరువు పెట్టి ఉంది. ఆయన పంకజాక్షి చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అంత మర్యాదగా ఆయన వినడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"శీకాయ" అన్నాడు చివరికి. "బాగుంది. బెంగుళూరు వాళ్ళకు ఇదే రాద్దామా? మా అసిస్టెంటుగారి అత్తగారు పాత్రలతోపాటు పరికరాలు కూడా తోమారని?"

"తోమలేదు సార్. కడిగింది. రాయండి. అంకెలన్నీ నేను మళ్ళీ తీస్తాను. రెండు నెలలు చాలు."

"అంకెల గురించి ఎవరమ్మా మాట్లాడుతున్నది? కొత్త అంకెలు ఎట్లాగూ పంపుతాం. కాలేజీ సామాను మీ ఇంట్లో ఎందుకుందని అడిగితే ఏం చెప్తావు?"

"మీరు తీసుకుపొమ్మన్నారు."

"నేనా?" పరంధామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను రాసిచ్చిన కాగితం ఉందా?"

"నోటితో అన్నారు. ఈ గదిలోనే అన్నారు. ఇంట్లో పెట్టుకుని పూర్తి చేయమ్మా, గడువు తప్పితే ప్రాజెక్టు పోతుందని అన్నారు."

"నాకు గుర్తు లేదు."

అబద్ధం చెప్పేవాళ్ళు కళ్ళు తిప్పుకుంటారని పంకజాక్షి అనుకునేది. ఆయన తిప్పుకోలేదు. నేరుగా చూస్తూ, జాలిపడుతున్నట్టు చెప్పాడు. బల్ల మీద కాగితాల మీద ఉన్న గాజు బరువుల్లో ఒకదాన్ని తీసి కిటికీకి విసరాలన్నంత కోపం వచ్చింది ఆమెకు. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఆపుకుంది.

"చూడమ్మా పంకజాక్షీ" అన్నాడాయన. "నువ్వు లోపలికొచ్చి ఊరకే కూర్చుంటే అందరికీ మంచిది. నీకూ మంచిది, నాకూ మంచిది. అందరికంటే ఓబయ్యకు మంచిది. ఎందుకో లోపల నీకే తెలుస్తుంది."

విచారణ ప్రిన్సిపాలు గదిలో జరిగింది. యాజమాన్యం పంపిన విచారణాధికారి రిటైరైన తాసిల్దారు. ఆయన పక్కన రాసుకోవడానికి ఒక గుమాస్తా ఉన్నాడు. పరంధామయ్య కుర్చీలో కూర్చున్నాడు. ఓబయ్య గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని వచ్చాడు. మునిరత్నమ్మను లోపలికి రానివ్వలేదు. తలుపు తీసే ఉండడంతో ఆమె గడప అవతల నిలబడింది.

"పెద్దగా విచారించడానికేమీ లేదు" అన్నాడు తాసిల్దారు. "ఓబయ్య పొద్దున్నే రాసిచ్చినాడు. క్యాను కడగకుండా నీళ్ళు పట్టినాననీ, తప్పయిందనీ ఒప్పుకున్నాడు. ఒక ఇంక్రిమెంటు ఆపి, హాస్టలుకు మార్చి, ఉద్యోగంలోకి తీసుకోవాలని యాజమాన్యం ఉద్దేశం. మీరేమైనా చెప్తారామ్మా?"

పంకజాక్షి ఓబయ్య వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు.

చేయని తప్పు ఒప్పుకున్నాడు. ఒప్పుకోమని చెప్పిన పెద్దమనిషి కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆమె లేచి నిలబడింది.

"ఓబయ్య రాసింది నిజం కాదు సార్. నీళ్ళు బాగానే ఉన్నాయి. కాలేజీ మూసినప్పుడు నేను సామాను మా ఇంటికి తీసుకుపోయాను. అక్కడ గొట్టాలకు శీకాయ తగిలింది. రోజూ నేను ఆసిడ్‌తో కడగాలి, కడగలేదు. తప్పు నాది."

గుమాస్తా రాయడం ఆపి తాసిల్దారు మొహం చూశాడు. తాసిల్దారు పరంధామయ్య మొహం చూశాడు. పరంధామయ్య ఫ్యాను వైపు చూశాడు.

"సామాను ఇంటికి తీసుకుపోయినారు" అన్నాడు తాసిల్దారు నెమ్మదిగా. "అనుమతి?"

"నోటిమాటగా ఇచ్చారు."

"ఎవరు?"

"సారే."

"నేను ఇవ్వలేదు" అన్నాడు పరంధామయ్య.

"గేటు పుస్తకంలో కూడా ఏమీ రాసి లేదు. నేను చూసినాను." తాసిల్దారు గొంతు మారింది. "అంటే ప్రభుత్వ ప్రాజెక్టు సామాను, రాతకోతలు లేకుండా, మూసిన కాలేజీలోంచి బయటికి పోయింది. దాన్ని ఏమంటారో మీకు తెలుసు కదామ్మా. గేటు దాటించింది ఎవరు?"

అప్పుడర్థమైంది పంకజాక్షికి. ఓబయ్యకు మంచిదని పరంధామయ్య అన్నదేమిటో అప్పుడర్థమైంది. క్యాను కడగకపోతే ఇంక్రిమెంటు పోతుంది. సామాను గేటు దాటిస్తే ఉద్యోగం పోతుంది, పోలీసుల దాకా కూడా పోతుంది. ఇన్నాళ్ళూ ఓబయ్య నోరు మూసుకున్నది ఆమెను కాపాడడానికి ఒక్కటే కాదు. ఆమె చెప్పిన నిజం నేరుగా పోయి ఆయన మీదే పడుతుంది.

"నేనే తీసుకుపోయాను" అంది.

"మైక్రోస్కోపు, త్రాసు, నీళ్ళ తొట్టి, ఇవన్నీ మీరొక్కరే మోసుకుపోయినారా?"

"అవును."

"సార్" అన్నాడు ఓబయ్య గోడ పక్కనుంచి. "అమ్మ నా మీద జాలితో చెప్తా ఉండాది. సామాను యాడికీ పోలేదు సార్. అంతా ఈడనే ఉండింది. నీళ్ళు పట్టింది నేనే. క్యాను కడగలేదు. నేను రాసిచ్చిందే నిజం."

పరంధామయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. తాసిల్దారు తలాడించాడు. రాసుకోమని గుమాస్తాకు సైగ చేశాడు. ఇంకొక్క నిమిషం గడిస్తే అందరూ ఇండ్లకు పోయేవాళ్ళే.

"అదేంది ఓబయ్యా" అంది మునిరత్నమ్మ గడప అవతలనుంచి. "రిక్షా మా ఇంటి ముందర నిలబెట్టి పెట్టెలు దించింది నువ్వు కాదా? వెనక గదిలో బల్ల సర్దింది నువ్వు కాదా? నేనిచ్చిన మజ్జిగ తాగి పోతివి. ఎందుకు అబద్ధం ఒప్పుకుంటావు? కడిగింది నేను. నీకెందుకు ఆ పాపం?"

ఓబయ్య కట్టుకున్న చేతులు జారిపోయాయి. మొదటిసారిగా ఆయన పంకజాక్షి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే ఆమె తట్టుకునేది.

"ఎవరామె?" అన్నాడు తాసిల్దారు.

"మా అత్త."

"సామాను దించింది ఓబయ్య అంటుంది. రాసుకో" అన్నాడు గుమాస్తాతో.

గుమాస్తా కలం కాగితం మీద పెట్టాడు. పంకజాక్షి బల్ల దగ్గరికి పోయి ఆ కాగితం మీద అరచేయి వేసింది.

"రాయకండి."

"ఇదేం పనమ్మా, చేయి తీయండి. సామాను ఇంటికి పోయిందని మీరే అంటిరి. మోసింది ఎవరో ఆమె చెప్పింది. ఎందుకు రాయకూడదు?"

ఎందుకు రాయకూడదు? దానికి ఒక్కటే జవాబుంది. ఆ జవాబు నాలుక మీదికి రాగానే పంకజాక్షికి తన మీద తనకు అసహ్యం వేసింది. ఎంగిలి కడిగిన మనిషి. చేసింది చేసినట్టు చెప్పడానికి ఉతికిన చీర కట్టుకుని వచ్చిన మనిషి. ఈ కాలేజీ గోడల మధ్య పొద్దుటినుంచీ నిజం తప్ప ఇంకేమీ మాట్లాడని మనిషి ఆమె ఒక్కతే.

అవతల ఓబయ్య ఉన్నాడు. చెంగమ్మ ఉంది. ముగ్గురు పిల్లలున్నారు.

"మా అత్తకు మతి నిలకడ లేదు సార్" అంది పంకజాక్షి, తలుపు వైపు చూడకుండా. "ఏదో అనుకుని ఏదో మాట్లాడుతుంది. నేను కూడా ఓబయ్య మీద జాలితో అట్లా చెప్పాను. సామాను ఇక్కడే ఉంది."

తాసిల్దారు నిట్టూర్చాడు. పరంధామయ్య జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకుని, పాపం అన్నట్టు తలూపాడు. గుమాస్తా అంతదాకా రాసింది కొట్టేయడానికి గీత గీయబోయాడు.

మునిరత్నమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. ఎవరూ ఆపలేదు. కోడలి పక్కనుంచి నడిచి, ఆమెను తాకకుండా, బల్లకు ఎదురుగా నిలబడింది. కొంగు భుజం మీదికి సర్దుకుంది.

"నాకు మతి బాగానే ఉండాది సార్" అంది. "నా పేరు మునిరత్నమ్మ. నేను చెప్పింది రాసుకోండి."